ఎముక పనిచేస్తోందా? విరిగిన కాళ్ళు, బోన్ స్కాన్లు: ఒక సింహావలోకనం

మోకాలిచిప్ప కింద నుంచి చీలమండ దాకా ముందువైపు చేత్తో తడిమితే చర్మం కిందే ఎముక తగులుతుంది. వెనకవైపు పిక్క దన్నుగా ఉంటుంది గానీ ముందువైపు కండ అన్నదే లేదు. వైద్యులు టిబియా అని పిలిచే ఈ ఎముక మనిషి బరువును మోస్తూ ఇంత బట్టబయలుగా ఉంటుంది. పొడవాటి ఎముకల్లో తరచుగా విరిగేదీ, విరిగినప్పుడు చర్మాన్ని చీల్చుకుని బయటపడేదీ, ఆ తరువాత అతుక్కోవడానికి మొరాయించేదీ ఇదే. మొరాయించడానికి కారణం నెత్తురు సరఫరాలో ఉంది. లోపలి నుంచి పోషణ ఇచ్చే ప్రధాన ధమని ఎముక పైభాగంలో వెనకవైపు నుంచి దూరి, మూలుగ వెంట కిందికి దిగుతుంది. కింది మూడో వంతులో ఎముక విరిగిందంటే ఆ దారి తెగినట్టే. చుట్టూ కండ ఉండి ఉంటే అక్కడి నుంచైనా కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చేవి. ఇక్కడ ఆ వెసులుబాటూ తక్కువే.

అందుకే టిబియా విరిగిన మనిషి నెలల తరబడి వేచి ఉండాలి. మూడు నాలుగు నెలల్లో లేచి నడిచేవారు ఉన్నారు, తొమ్మిది నెలలైనా చంకకర్ర వదలలేనివారూ ఉన్నారు. కూలికి వెళ్ళేవాడైతే ఆ నెలలన్నీ ఇంటి మీద అప్పుగా పేరుకుంటాయి. డాక్టరును కలిసిన ప్రతిసారీ అడిగే మాట ఒక్కటే: అతికిందా? దీనికి జవాబు చెప్పడానికి చాలాకాలం రెండే సాధనాలు ఉండేవి. ఒకటి చెయ్యి, రెండోది ఎక్స్‌రే. మూడోది 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. రేడియోధార్మిక పదార్థాన్ని అతి స్వల్పంగా నరంలోకి ఎక్కించి, అది ఎముకల్లో ఎక్కడెక్కడ ఎంతెంత చేరిందో బయటి నుంచి చూసే పద్ధతి అది. బోన్ స్కాన్ అంటున్నది దాన్నే. విరిగిన కాళ్ళ విషయంలో ఈ స్కాన్ నుంచి వైద్యులు ఆశించింది ఒకటి, చివరికి దాని నుంచి దక్కింది మరొకటి. ఆశించినది పూర్తిగా తీరలేదు. దక్కినదే విలువైనదని నా నమ్మకం, ఆ సంగతి చెప్పడానికే ఇంత వెనక్కి వెళుతున్నాను.

ముందు చెయ్యి సంగతి. విరిగిన చోట నొక్కితే నొప్పి ఉందా, పట్టుకుని కదిపితే కదులుతోందా, బరువు మోపితే మోయగలుగుతున్నాడా: ఈ మూడింటినీ లండన్ సర్జనూ చూశాడు, మన ఊళ్ళ కట్టు వైద్యుడూ చూశాడు. 19వ శతాబ్దం చివరి నుంచి పేరు మోసిన పుత్తూరు కట్టు కోసం రాయలసీమ నుంచీ తమిళనాడు నుంచీ జనం వెళుతూనే ఉన్నారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ: ఇవీ అక్కడి సరంజామా. కట్టు విప్పే రోజున అక్కడ చేసే పరీక్ష కూడా చేతితోనే. ఈ చేతి పరీక్షను తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా ఏ ఆర్థోపెడిక్ డాక్టరూ దాన్ని వదిలిపెట్టలేదు. దాని చిక్కల్లా ఒక్కటే. అతుకు గట్టిపడ్డాక గట్టిపడిందని చెప్పగలదు గానీ, గట్టిపడబోతోందో లేదో చెప్పలేదు.

1895 నవంబరులో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో రంట్‌గెన్ ఎక్స్‌రేలను కనిపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1896 ఫిబ్రవరి మొదట్లో, అమెరికాలోని డార్ట్‌మౌత్‌లో ఒక కుర్రాడి విరిగిన మణికట్టును దాంతో ఫోటో తీశారు. శతాబ్దాల ఊహాగానానికి అక్కడ తెరపడింది. ఎముక ఎక్కడ విరిగింది, ముక్కలు ఎటు జరిగాయి, సరిగ్గా కుదిరాయా లేదా అన్నవి కళ్ళముందుకు వచ్చాయి. కానీ అతుకు పడటాన్ని చూపడంలో ఎక్స్‌రే ఎప్పుడూ ఆలస్యమే. విరిగిన చోట మొదట నెత్తురు గడ్డకడుతుంది, దాని స్థానంలో మెత్తని కణజాలం వస్తుంది, తరువాత మృదులాస్థి, ఆ పైన దానిలోకి సున్నపు లవణం చేరుతుంది. లవణం తగినంత పేరుకున్నాకే ఫిల్ము మీద మబ్బులా కనిపిస్తుంది. అప్పటికి వారాలు గడిచిపోతాయి. కనిపించిన ఆ మబ్బు పెరుగుతోందో ఆగిపోయిందో తెలియాలంటే మళ్ళీ కొన్ని వారాలు ఆగి మరో ఫిల్ము తీయాలి. 1958లో స్విట్జర్లాండు సర్జన్లు ఏఓ అనే సంఘంగా ఏర్పడి ప్లేట్లు, స్క్రూలతో ఎముకను కదలకుండా బిగించడం మొదలుపెట్టాక మరో చిక్కు వచ్చింది. అంత గట్టిగా బిగించిన చోట ఆ మబ్బు అసలు కనిపించకుండానే ఎముక అతుక్కునేది. అప్పుడు ఎక్స్‌రే మరీ మూగదైంది.

ఎక్స్‌రే చూపేది ఎముక ఆకారం. కావలసింది ఎముక చేస్తున్న పని. ఈ రెండింటి తేడా ఎక్స్‌రే పుట్టడానికి నూట అరవై ఏళ్ళ ముందే ఒక భోజనాల బల్ల దగ్గర బయటపడిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది. లండన్‌లో జాన్ బెల్చియర్ అనే సర్జను అద్దకం పని చేయించే ఒకాయన ఇంటికి భోజనానికి వెళ్ళాడు. వడ్డించిన పందిమాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. ఆరా తీస్తే, మాడర్ వేరు రంగు వేసిన బట్టల్ని శుభ్రం చేయడానికి వాడిన తవుడును ఆ పందులకు మేపేవారని తెలిసింది. ఆ మాడర్ మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. మచిలీపట్నం అద్దకాలను చూసి ఐరోపా మోజుపడిన కాలమది, ఆ మోజులో పెట్టిన ఇంగ్లండు అద్దకశాలల్లో ఒకటి అనుకోకుండా ఎముకల శాస్త్రానికి దారి చూపింది. 1736లో బెల్చియర్ ఈ సంగతిని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. కొద్ది కాలానికే ఫ్రాన్స్‌లో దుహమెల్ దు మాన్సో దాన్ని అందిపుచ్చుకుని, జంతువులకు కొన్నాళ్ళు ఆ వేరు మేపి, కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ మేపి చూశాడు. ఎముక అడ్డకోతలో ఎరుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. వేరు తిన్న రోజుల్లో కొత్తగా పడిన ఎముకే ఎర్రబడింది, అంతకు ముందున్నది తెల్లగానే మిగిలింది. విరిగిన ఎముకలు అతుక్కునే తీరును కూడా ఆయన ఇలాగే పరిశీలించాడు. ఆ వేరులోని అలిజరిన్ అనే రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, లవణం కొత్తగా పడుతున్న చోటనే కుదురుకుంటుంది. నేటి బోన్ స్కాన్ నడిచే సూత్రం కూడా అదే. తేడా ఏమిటంటే దుహమెల్ తన జవాబు కోసం జంతువును చంపి ఎముకను కోయవలసి వచ్చింది.

కోయకుండా చూడటానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. ఆ దారి తెరిచినవాడు హంగరీలో పుట్టిన జార్జ్ హెవెషీ. 1923లో ఆయన రేడియోధార్మిక సీసాన్ని నీళ్ళలో కలిపి చిక్కుడు జాతి మొక్కలకు పెట్టి, అది వేరు నుంచి ఆకుకు ఎలా పాకుతుందో కొలిచాడు. ఒక మూలకంలోని కొన్ని పరమాణువులకు గుర్తు పెట్టి, ఆ గుర్తును వెంటాడటమన్నది ఆ ప్రయోగంతో మొదలైంది. కానీ సీసం ప్రాణికి విషం. ప్రాణి రోజూ వాడుకునే మూలకాల్లో రేడియోధార్మికమైనది దొరకాలి. 1934లో జోలియో క్యూరీ దంపతులు రేడియోధార్మికతను కృత్రిమంగా సృష్టించవచ్చని చూపడంతో ఆ అడ్డు తొలగింది. 1935లో కోపెన్‌హేగన్‌లో భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ యాభయ్యో పుట్టినరోజుకు చందాలు పోగుచేసి 600 మిల్లీగ్రాముల రేడియం కానుకగా ఇచ్చారు. అక్కడే పనిచేస్తున్న హెవెషీ దాన్ని బెరీలియంతో కలిపి, వెలువడే న్యూట్రాన్లను గంధకం మీదికి పంపి, రేడియోధార్మిక భాస్వరాన్ని తయారుచేశాడు. వైద్యుడు ఓలే షీవిట్స్‌తో కలిసి ఆ భాస్వరాన్ని ఎలుకలకు పెట్టాడు.

ఫలితాన్ని అదే ఏడాది నేచర్ పత్రికలో ప్రకటించారు. ఎదిగిన ఎలుకల అస్థిపంజరంలోకి కూడా కొత్త భాస్వరం చేరుతోంది, అప్పటికే ఉన్నది బయటికి పోతోంది. పెరుగుదల ఆగిపోయిన ఎముకలో కూడా రాకపోకలు ఆగలేదు. ఎముకను అప్పటిదాకా చాలామంది ఒంటికి ఆసరా ఇచ్చే రాయిలాంటిదనే అనుకునేవారు, అది నిరంతరం తనను తాను తిరిగి కట్టుకుంటున్న సజీవ కణజాలమని అంకెలతో తేలింది అక్కడే. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా పెద్ద మలుపుగా కనిపించేది ఆ ఎలుకల ప్రయోగమే. తరువాత వచ్చిన యంత్రాలన్నీ దాని మీద నిలబడ్డవే. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ హెవెషీకి దక్కింది.

ఈ కథకు చీకటి పార్శ్వం కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1920లలో అమెరికాలోని న్యూజెర్సీలో గడియారాల అంకెలకు రేడియం రంగు పూసే ఆడపిల్లలు కుంచె మొన తేలడానికి పెదవులతో తడి చేసుకునేవారు. మింగిన రేడియం కాల్షియంలాగే ఎముకల్లోకి చేరి అక్కడే ఉండిపోయింది. దవడలు కుళ్ళాయి, ఎముకలు పెళుసై విరిగాయి, క్యాన్సర్లు పుట్టాయి. కాల్షియం కుటుంబానికి చెందిన ఏ మూలకం వచ్చినా ఎముక తేడా చూడకుండా తీసుకుంటుందన్న సత్యాన్ని లోకానికి నేర్పింది ఆ కూలి పిల్లల ప్రాణాలు. అణ్వస్త్ర పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం 90 గురించి 1950లలో కలిగిన భయమంతా ఆ పాఠం నుంచి వచ్చినదే. అదే సత్యాన్ని వైద్యానికి మళ్ళించిన తొలివారిలో బెల్జియం యువ వైద్యుడు చార్లెస్ పెషేర్ ఒకడు. 1940 ప్రాంతంలో బర్క్‌లీ సైక్లోట్రాన్ దగ్గర పనిచేస్తూ రేడియోధార్మిక కాల్షియం, స్ట్రాన్షియం రెండూ ఎముకల్లో ఒకే తీరున చేరుతాయని చూపాడు.

ఇక విరిగిన కాళ్ళ దగ్గరికి వద్దాం. కాల్షియం 45 అనే ఐసోటోపు ప్రయోగశాలల్లో విరివిగా దొరికేది గానీ, అది వెలువరించే బీటా కణాలు ఒంటిని దాటి బయటికి రావు. ఎముకను కోసి చూడాల్సిందే. కాబట్టి అది జంతువులకే పరిమితమైంది. ఈ దశలో మనకు బాగా తెలిసిన ఒక తీగ చరిత్రలోకి వస్తుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సర్జను కె.ఎన్. ఉడుప, గురుచరణ్ ప్రసాద్ కలిసి నల్లేరు మీద వరుసగా ప్రయోగాలు చేశారు. విరిగిన ఎముకకు నల్లేరు మంచిదని ఆయుర్వేదం చెబుతుంది, మన ఇళ్ళలో దాని కాడలతో పచ్చడి చేస్తారు. నమ్మకాన్ని నమ్మకంగా వదిలేయకుండా వాళ్ళు అతుకు బలాన్ని కొలిచారు, కాల్షియం 45తో లవణం చేరే తీరునూ కొలిచారు. నల్లేరు వాడిన జంతువుల్లో అతుకు త్వరగా పడిందని 1964లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. ఇంటి వైద్యాన్ని ఐసోటోపుతో పరీక్షకు నిలబెట్టిన ఆ చిత్తశుద్ధి నాకు ఎంతో ఇష్టం. నల్లేరు గుణాల గురించి నేడు సీసాల మీద రాసే మాటల వెనక అంతటి కొలత ఉండదు.

మనిషి కాలును కోయకుండా కొలిచినవారు స్వీడన్ వైద్యులు. గామా కిరణాలు కండనూ చర్మాన్నీ దాటి బయటికి వస్తాయి. కాల్షియం 47, స్ట్రాన్షియం 85 రెండూ గామా కిరణాలను ఇస్తాయి. 1959లో గోరాన్ బావర్, బూ వెండెబెర్గ్ ఈ రెంటినీ రోగులకు ఇచ్చి, జబ్బు ఉన్న ఎముకకు ఎదురుగా చర్మం మీద కౌంటరు పెట్టి లెక్కించారు. 1961లో వెండెబెర్గ్ టిబియా విరిగినవారి మీదే ఒక పుస్తకమంత అధ్యయనం ప్రచురించాడు. చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. విరిగిన చోట కౌంటరు ఎంత చూపిందో రాసుకోవాలి, రెండో కాలి మీద సరిగ్గా అదే చోట ఎంత చూపిందో రాసుకోవాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. మంచి కాలు చెడ్డ కాలికి కొలబద్ద అయింది. విరిగిన చోట స్ట్రాన్షియం ఎన్నో రెట్లు ఎక్కువగా చేరింది, అతుకు పడి మనిషి నడుస్తున్నాక కూడా చాలాకాలం ఆ హెచ్చు తగ్గలేదు. నడక మొదలవడంతో ఎముక పని ముగిసిపోదు, తన పాత ఆకారానికి తిరిగి రావడానికి నెలల తరబడి చెక్కుకుంటూనే ఉంటుందన్నమాట.

స్ట్రాన్షియం 85కు ఒక పెద్ద లోపం ఉంది. దాని అర్ధాయువు 65 రోజులు. ఒకసారి ఎముకలోకి చేరితే నెలల తరబడి వికిరణం తప్పదు. అందువల్ల 1961లో అమెరికాలో దానితో ఎముకల బొమ్మలు తీయడం మొదలైనా, చాలాచోట్ల క్యాన్సరు ఉందని తేలినవారికే వాడారు. కాలు విరిగిన పాతికేళ్ళ యువకుడికి ఇవ్వడానికి మనసొప్పలేదు, అది సరైన సంకోచమే. 1962లో మాంటే బ్లావ్, అతని సహచరులు ఫ్లోరిన్ 18 వాడి చూపారు. ఎముకను అది అద్భుతంగా పట్టుకుంటుంది, కానీ దాని అర్ధాయువు 110 నిమిషాలే. సైక్లోట్రాన్ పక్కనే ఆస్పత్రి ఉంటే తప్ప కుదరని పని. కొందరు వైద్యులు స్ట్రాన్షియం 87ఎం అనే స్వల్పాయువు ఐసోటోపుతో 1970లలో పగుళ్ళను వరుసగా కొలిచారు. ఎక్కువ కాలం ఉండేది ప్రమాదం, తక్కువ కాలం ఉండేది దూరాభారం. నడిమి దారి కావాలి.

ఆ దారి అప్పటికి పాతికేళ్ళుగా అందుబాటులోనే ఉంది. 1937లో ఇటలీలోని పలెర్మోలో ఎమీలియో సెగ్రె, కార్లో పెరియే కలిసి బర్క్‌లీ సైక్లోట్రాన్‌లో వాడేసిన మాలిబ్డినం రేకు నుంచి 43వ మూలకాన్ని వేరుచేశారు. మనిషి చేతుల మీదుగా పుట్టిన మొదటి మూలకం అదే, తరువాత దానికి టెక్నీషియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది సెగ్రె, గ్లెన్ సీబోర్గ్ దానిలో 99ఎం అనే రూపాన్ని కనిపెట్టారు. అర్ధాయువు 6 గంటలు, వెలువడే గామా కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒంటిని దాటి బయటికి వచ్చేంత బలం, కెమెరా స్ఫటికంలో చిక్కేంత మృదుత్వం దానికి ఉన్నాయి. అయినా రెండు దశాబ్దాలు దాన్ని వైద్యం పట్టించుకోలేదు. 1950ల చివర్లో న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వాల్టర్ టక్కర్, మార్గరెట్ గ్రీన్ వేరే ఐసోటోపును తయారుచేస్తుంటే అందులో కల్తీగా ఇది కనిపించింది. ఆ కల్తీ ఎక్కడి నుంచి వస్తోందని వెతికి, 66 గంటల అర్ధాయువు ఉన్న మాలిబ్డినం 99 నుంచి రోజూ టెక్నీషియాన్ని దించుకునే జనరేటరు తయారుచేశారు. పవెల్ రిచర్డ్స్ దాన్ని వైద్యుల దృష్టికి తెచ్చాడు. 1961లో చికాగోలో పాల్ హార్పర్ బృందం మొదటిసారి రోగులకు వాడింది. ఈ జనరేటరును ఆ రంగంలో పనిచేసేవారు ఆవు అంటారు, పొద్దున్నే టెక్నీషియం తీయడాన్ని పాలు పితకడం అంటారు. వారానికి ఒక ఆవు వస్తే ఏ ఊళ్ళోనైనా స్కాన్లు తీయవచ్చు.

చూసే కన్ను కూడా ఆ కాలంలోనే సిద్ధమైంది. అంతకుముందు బెనెడిక్ట్ కాసెన్ తయారుచేసిన స్కానరు ఒంటి మీద గీత వెంట గీతగా పాకుతూ చుక్కలు ముద్రించేది, ఒక్క బొమ్మకు చాలాసేపు పట్టేది. 1950ల చివర్లో హాల్ యాంగర్ గామా కెమెరాతో ఆ భాగాన్నంతా ఒకేసారి చూడటం సాధ్యమైంది.

మిగిలిన చిక్కు ఒక్కటే: టెక్నీషియానికి ఎముక మీద మమకారం లేదు. దాన్ని ఎముక దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్ళే జత కావాలి. 1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెకాఫీ కలిసి ఫాస్ఫేటు గొలుసులకు తగరం సాయంతో టెక్నీషియాన్ని కట్టిపెట్టారు. ఫాస్ఫేటు ఎముక స్ఫటికానికి అంటుకుంటుంది, దాంతోపాటు టెక్నీషియమూ వెళుతుంది. ఒక్క వ్యాసంతో బోన్ స్కాన్ అపురూపం నుంచి నిత్యకృత్యంలోకి వచ్చింది. అయితే మామూలు ఫాస్ఫేటు గొలుసులో భాస్వరాల మధ్య ఉండే ఆక్సిజన్ లంకెను ఒంట్లోని ఎంజైములు తెంపేస్తాయి. దానికి విరుగుడు కూడా విరిగిన ఎముకల ఊరి నుంచే వచ్చింది. మంచు మీద జారే ఆటలో కాళ్ళు విరగ్గొట్టుకునేవారికి కొదవలేని స్విట్జర్లాండులోని దావోస్‌లో, ఎముకల పరిశోధనశాలను నడిపిన హెర్బర్ట్ ఫ్లైష్, ఒంట్లో సహజంగా ఉండే పైరోఫాస్ఫేటు గురించి పరిశోధిస్తూ, ఆక్సిజన్ బదులు కార్బన్ లంకె ఉన్న పదార్థాల దగ్గరికి చేరాడు. వాటిని ఎంజైములు తెంపలేవు. ఎముక గుల్లబారినవారికి వాడే బిస్‌ఫాస్ఫొనేటు మందులు అక్కడి నుంచి వచ్చాయి. ఆ కుటుంబంలోదే ఎండీపీ. 1975లో సుబ్రమణియన్ బృందం దాన్ని టెక్నీషియంతో జతచేసింది. అర్ధశతాబ్దం గడిచినా ప్రపంచమంతటా బోన్ స్కాన్లకు వాడుతున్నది ప్రధానంగా దాన్నే. సూది వేసిన మూడు గంటలకు బొమ్మ తీస్తారు, రోగికి అందే వికిరణం సుమారు 4 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది సగటున 2.4 మిల్లీసీవర్టులు.

పరికరం చేతికి రాగానే పాత ప్రశ్న మళ్ళీ లేచింది. 1979లో కాలిఫోర్నియా వైద్యుడు ఫిలిప్ మాటిన్ పగుళ్ళు స్కాన్‌లో ఎప్పుడు కనిపించి ఎప్పుడు మాయమవుతాయో పట్టిక వేశాడు. విరిగిన 24 గంటల్లో 80 శాతం, 72 గంటల్లో 95 శాతం కనిపించాయి. ముసలివారిలో కాస్త ఆలస్యం. మొదటి మూడు నాలుగు వారాలు ఆ చోటంతా అలుముకున్నట్టు వెలుగుతుంది. తరువాత రెండు మూడు నెలలు పగులు గీత వెంట చిక్కగా వెలుగుతుంది. ఆ పైన మెల్లగా తగ్గుతుంది. మామూలు స్థితికి రావడానికి ఎంత తక్కువన్నా 5 నెలలు పట్టింది, రెండేళ్ళకు దాదాపు 90 శాతం చల్లబడ్డాయి. వెండెబెర్గ్ కౌంటరు చూపిన దీర్ఘకాలపు హెచ్చు ఇక్కడ బొమ్మల్లో దర్శనమిచ్చింది.

వైద్యుల ఆశ ఇంకాస్త ముందుకు పోయింది. ఆరో వారంలోనో ఎనిమిదో వారంలోనో స్కాన్ తీసి, ఈ టిబియా అతుకుతుంది, ఇది అతకదు అని ముందే చెప్పగలిగితే, అతకనివారికి నెలల నిరీక్షణ తప్పించి వెంటనే ఆపరేషన్ చేయవచ్చు కదా? 1980లలో బ్రిటన్‌లో దీని మీద గట్టి ప్రయత్నాలు జరిగాయి. ఎడింబరోలో షాన్ హ్యూస్, టోథిల్ తదితరులు విరిగిన చోటును పక్కనున్న మంచి ఎముకతో పోల్చి అంకెలు కట్టి, అతుకును ముందుగా అంచనా వేయవచ్చని 1987లో రాశారు. నిజాయితీ గల పని అది. అయినా ఏ దేశంలోనూ అది నిత్యవిధి కాలేదు. ఎందుకంటే వెలుగుకు ఒక్క కారణం ఉండదు. కొత్త ఎముక పడుతుంటే వెలుగుతుంది, నెత్తురు ఎక్కువగా పారుతుంటే వెలుగుతుంది. చీము పడితే వెలుగుతుంది. లోపల వేసిన రాడ్డు వదులై ఊగుతుంటే దాని చివర వెలుగుతుంది. నెలల తరబడి కట్టులో ఉండి పనిలేక పడివున్న పాదం కూడా కొందరిలో మొత్తంగా వెలుగుతుంది. అతకడానికి తంటాలు పడుతున్న ఎముకా, అతుకుతున్న ఎముకా ఆరో వారంలో ఒకేలా కనిపించవచ్చు. ఒక్కొక్కరి అంకెలు కలిపి సగటు తీస్తే తేడా కనిపించేది. ఎదురుగా కూర్చున్న ఒక్క రోగికి భరోసా ఇచ్చేంత తేడా మాత్రం ఉండేది కాదు.

ఆశించింది తీరలేదన్నాను, అది ఇదే. దక్కినది మరోచోట దక్కింది, అది అతకని ఎముకల దగ్గర. చాలాకాలం వైద్యులకు అతకని ఎముక అంటే ఒకటే రకం: రెండు చచ్చిన కొసలు. వాటిని చెక్కి, తుంటి దగ్గర నుంచి ఎముక తీసి మధ్యలో పెట్టాలి. స్ట్రాన్షియం 85తో ఆ కొసలను పరీక్షిస్తే ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. చాలావాటిలో కొసలు చావలేదు, మంచి ఎముక కన్నా ఎక్కువగా ఆ పదార్థాన్ని పీల్చుకుంటున్నాయి. ఎక్స్‌రేలో ఏనుగు పాదంలా లావుగా ఉబ్బిన కొసలు ఉన్నవి ఈ జాతివి. వాటికి నెత్తురు కావలసినంత ఉంది, లేనిదల్లా స్థిరత్వం. కదలకుండా బిగిస్తే చాలు, అతుకు దానంతట అదే పడుతుంది. సన్నబడి పెన్సిలు మొనల్లా అరిగిన కొసలు మాత్రం స్కాన్‌లో చల్లగా ఉన్నాయి. వాటికి బిగింపు ఒక్కటే చాలదు, కొత్త ప్రాణం ఉన్న ఎముకను తెచ్చి పెట్టాలి. 1970లలో స్విట్జర్లాండు సర్జను వేబర్, చెకోస్లొవేకియా సర్జను చెక్ కలిసి దీన్ని ఒక వర్గీకరణగా స్థిరపరిచారు. నేటికీ ప్రపంచంలో ఏ ఆర్థోపెడిక్ విద్యార్థి అయినా అతకని ఎముకల పాఠం దానితోనే మొదలుపెడతాడు.

ఆ విభజన ఎంతమంది తుంటి ఎముకలను అనవసరపు కోతల నుంచి కాపాడిందో ఆలోచిస్తే ఆ స్ట్రాన్షియం కొలతల విలువ తెలుస్తుంది. విరిగిన చోటు అతికిందా అన్న ప్రశ్న పక్కన, ఆ చోటు బతికి ఉందా అన్న ప్రశ్న నిలబడింది. రెండో ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టి ఆపరేషన్ మారిపోయింది. ఇది స్కాన్ ఇచ్చిన అసలు కానుక.

దీనికి కొనసాగింపు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగింది. కార్ల్ బ్రైటన్ అక్కడ అతకని ఎముకలకు సన్నని విద్యుత్తు పంపి అతికించే చికిత్స చేసేవాడు. కొందరికి పనిచేసింది, కొందరికి పనిచేయలేదు. ఎందుకో తెలుసుకోవడానికి అబాస్ అలావీ, దేశాయ్ తదితరులు 1980, 81లలో స్కాన్లు తీశారు. కొందరిలో రెండు వెలిగే కొసల మధ్య ఒక చల్లని చీలిక కనిపించింది. ఆపరేషన్ చేసి తెరిస్తే అక్కడ మోకాలిలో ఉన్నట్టే జిగురునీరు, దాని చుట్టూ పొర. ఎముక అతకడం మానేసి, లేనిచోట కీలును పుట్టించుకుంది. అలాంటి చోట విద్యుత్తు దండగ, ఆ దొంగ కీలును కోసి తీసేయాల్సిందే. ఎక్స్‌రే చెప్పలేని ఈ మాటను చెప్పింది ఆ చల్లని గీతే.

స్కాన్ మారుమాట లేకుండా గెలిచిన రంగం మరొకటి ఉంది: కవాతు చేసే కాళ్ళు. కొత్తగా సైన్యంలో చేరినవారికి పాదాలు వాచి నొప్పి పెట్టడాన్ని 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ రాశాడు. ఒకే చోట పదేపదే పడే బరువుకు ఎముక వెంట్రుకలా చిట్లుతుంది. పరుగు తీసేవారిలో, సైనికుల్లో ఇది టిబియాలోనే ఎక్కువ. ఎక్స్‌రేలో వారాల తరబడి కనిపించదు, స్కాన్‌లో మొదటి రోజుల్లోనే వెలుగుతుంది. 1970లలో అమెరికాలోనూ, 1980లలో ఇజ్రాయెల్‌లోనూ వందలాది మంది సైనికులకు స్కాన్లు తీసి, వెలుగు పరిమాణాన్ని బట్టి ఎన్ని వారాలు విశ్రాంతి ఇవ్వాలో నిర్ణయించారు. నొప్పి ఉందంటే సాకు అనుకునే అధికారుల ముందు ఆ కుర్రాళ్ళ మాట నిజమని తేల్చిన సాక్ష్యం అది. ఈ పనిని ఇప్పుడు ఎక్కువగా ఎంఆర్ఐ చేస్తోంది, వికిరణం లేకుండా.

మన దేశంలో ఈ విద్య ఢిల్లీలో ఇన్మాస్ అనే న్యూక్లియర్ మెడిసిన్ సంస్థతోనూ, 1963లో బొంబాయిలో మొదలైన రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌తోనూ నిలదొక్కుకుంది. విదేశీ జనరేటర్లు కొనే స్తోమత చాలా ఆస్పత్రులకు ఉండేది కాదు. అందుకే మన శాస్త్రజ్ఞులు ట్రాంబే రియాక్టర్లలో తయారైన మాలిబ్డినం నుంచి టెక్నీషియాన్ని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంతో వేరుచేసే పద్ధతిని అలవాటు చేశారు. పొద్దున్నే ఆ వాసన మధ్య నిలబడి గాజు పాత్రల్లో ద్రావకాన్ని కలిపి, వేరుచేసి, ఆరబెట్టి, ఆ రోజు రోగులకు సరిపడా మందు తయారుచేసిన టెక్నీషియన్ల శ్రమ మీద ఈ దేశంలో స్కాన్లు నడిచాయి. వాళ్ళ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు ఏర్పడ్డాక తెలుగు రోగులు బొంబాయి, వేలూరు వెళ్ళే అవసరం తగ్గింది.

ఈ మందు ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో 2009లో ప్రపంచానికి తెలిసొచ్చింది. కెనడాలోని చాక్ రివర్ రియాక్టరులో నీరు కారుతుండటంతో ఆ మే నెలలో ఆపేశారు, మరుసటి ఏడాది ఆగస్టు దాకా తెరవలేదు. ప్రపంచపు మాలిబ్డినం 99లో పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చేది. ఎన్నో దేశాల్లో స్కాన్లు వాయిదా పడ్డాయి. అర్ధాయువు 66 గంటలున్న సరుకును గోదాములో దాచిపెట్టుకోలేం. ఆ కొరత రోజుల్లో కొందరు మళ్ళీ ఫ్లోరిన్ 18 వైపు చూశారు. 1962లో దాన్ని వెనక్కి నెట్టిన కారణాలు ఇప్పుడు లేవు. క్యాన్సరు పెట్ స్కాన్ల కోసం పెద్ద నగరాలన్నిటిలో సైక్లోట్రాన్లు వచ్చాయి, హైదరాబాద్‌లో కూడా.

ఈ శతాబ్దంలో స్కాన్‌కూ సీటీకీ పెళ్ళి చేసిన స్పెక్ట్ సీటీ యంత్రం వాడుకలోకి వచ్చింది. వెలుగు ఎక్కడుందో మిల్లీమీటర్ల లెక్కన చెబుతుంది. వెలుగుతున్నది అతుకు దగ్గరా, రాడ్డు చివరా, పక్కన కీలులోనా అన్న పాత గందరగోళం చాలావరకు తీరింది. మరోపక్క 2010లో కెనడా వైద్యులు టిబియా అతుకును కొలవడానికి రస్ట్ అనే మార్కుల పద్ధతి ప్రతిపాదించారు. అది మామూలు ఎక్స్‌రే మీద ఆధారపడినదే: ఎముక నాలుగు ముఖాల్లో ఒక్కొక్కదానికి మార్కులు వేసి కలపడం. సగటు ఆస్పత్రిలో, సగటు రోగికి ఇప్పటికీ అది చాలు. విరిగిన ప్రతి కాలికీ స్కాన్ తీయమనడం డబ్బు దండగ అని నేను కచ్చితంగా అంటాను.

స్కాన్ అవసరమైన రోగి వేరు. నాలుగైదు నెలలు గడిచాయి, వరుసగా తీసిన ఎక్స్‌రేల్లో మార్పు లేదు, కాలు మోపితే నొప్పి, లోపల రాడ్డు ఉంది, అప్పుడప్పుడూ జ్వరం. మళ్ళీ ఆపరేషన్ అంటున్నారు. బిగింపు మార్చాలా, ఎముక పెట్టాలా, చీము కడగాలా అన్నది తేలాలి. ఆ రోజు నరంలోకి సూది వేసి నెత్తురు ప్రవాహాన్ని తొలి నిమిషంలో, కణజాలంలో నిలిచిన నెత్తురును అయిదో నిమిషంలో, ఎముకను మూడో గంటలో చూసే మూడు దశల స్కాన్ తీయించుకోవడం సమంజసం. చీము అనుమానం బలంగా ఉంటే రోగి తెల్లకణాలకే గుర్తు పెట్టి తిరిగి ఎక్కించే మరో స్కాన్ ఉంది. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే రోగి బంధువులే ఎత్తవచ్చు: ఆ కొసలు బతికి ఉన్నాయా లేదా, అది తెలుసుకున్నాకే కొయ్యవచ్చు కదా అని.